'ఎకో' చీటీ చూసి కొనొద్దు: పత్తి, పాలిస్టర్, విస్కోస్, చేనేతల్లో ఏది ఎప్పుడు ఎంచుకోవాలి

పోయిన దసరాకి మా అమ్మాయికి కుర్తా కొందామని షాపుకి వెళ్తే మూడు తీసి బల్ల మీద పరిచారు. మూడూ ఆకుపచ్చే. మొదటిదానికి అట్ట చీటీ వేలాడుతోంది. దాని మీద ఆకు బొమ్మ, కింద 'ఎకో కలెక్షన్' అని రాసి ఉంది, ధర 799. రెండోది 'ఆర్గానిక్ కాటన్', 1,899. మూడోది ఏ చీటీ లేని మంగళగిరి చేనేత, 1,450. సేల్స్ అమ్మాయి మొదటిదాన్ని ముందుకు జరిపి, "పర్యావరణానికి మంచిదమ్మా, ఇప్పుడు అందరూ ఇదే అడుగుతున్నారు" అంది. నేను లోపల పక్క కుట్టు దగ్గర ఉండే చిన్న తెల్ల లేబుల్ తిప్పి చూశాను. 65% పాలిస్టర్, 35% విస్కోస్. రీసైకిల్డ్ అనే మాట కూడా లేదు. మరి ఈ ఆకు బొమ్మ దేనికని అడిగితే ఆ అమ్మాయికి ఏం చెప్పాలో తెలియలేదు. ఆమె తప్పేం లేదు, ఆమెకి ఎవరూ చెప్పలేదు.

అప్పటినుంచి తెలిసినవాళ్ళు "ఏ బట్ట కొంటే భూమికి తక్కువ నష్టం?" అని అడిగితే ఒక్క మాటలో జవాబు చెప్పడం మానేశాను. చంటిపిల్ల చొక్కాకి ఒక జవాబు, పెళ్ళి చీరకి ఒకటి, జిమ్ టీషర్టుకి ఇంకొకటి. వేటిని వేటితో పోల్చాలో, ఏ లేబుల్ ఏ విషయం చెబుతుందో, ఏది అసలు చెప్పదో తెలిస్తే ఎంపిక మనమే చేసుకోవచ్చు.

ఒక్క మార్కుతో తేల్చేద్దామంటే

ప్రతి బట్టకీ నూటికి ఇన్ని మార్కులని ఎవరైనా వేసి పెడితే ఎంత బాగుండును! ఆ ప్రయత్నం జరిగింది. పెద్ద బ్రాండ్లన్నీ కలిసి పెట్టుకున్న సస్టైనబుల్ అపారెల్ కోయలిషన్ అనే సంస్థ 'హిగ్ ఇండెక్స్' అని ఒక లెక్క తయారు చేసింది. అందులో పట్టు కంటే, మామూలు పత్తి కంటే పాలిస్టర్‌కే మంచి మార్కులు వచ్చాయి. పెట్రోలు నుంచి తీసిన పీచుకి పట్టుపురుగు దారం కంటే మంచి పేరు ఎలా వచ్చిందంటే, ఆ లెక్క బట్ట తయారయ్యేదాకానే నడుస్తుంది. తరవాత మనం ఉతికినప్పుడు ఊడే ప్లాస్టిక్ నూగు, అవతల పారేశాక ఏళ్ళ తరబడి మట్టిలో కలవకుండా ఉండిపోవడం అందులోకి రావు. 2022 జూన్‌లో నార్వే వినియోగదారుల రక్షణ అధికారులు, ఈ లెక్క చూపించి బట్టలు అమ్ముకోవడం జనాన్ని తప్పుదోవ పట్టించడమే అని తేల్చారు. ఆ దెబ్బతో బట్టల మీద ఆ మార్కులు చూపించడం ఆపేశారు. ఆ సంస్థ ఇప్పుడు పేరు మార్చుకుని కాస్కేల్ అయింది.

డెన్మార్క్‌ది ఇంకో కథ. అక్కడి పర్యావరణ శాఖ 2018లో చేతిసంచుల మీద ఒక అధ్యయనం చేయించింది. పల్చటి ప్లాస్టిక్ సంచికి సమానం కావాలంటే మామూలు పత్తి సంచిని 7,100 సార్లు, ఆర్గానిక్ పత్తి సంచిని 20,000 సార్లు వాడాలని అందులో వచ్చింది. వాట్సాప్‌లో ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. లోపలికి వెళ్ళి చూస్తే, ఆ పెద్ద అంకెలు ఓజోన్ పొరకి జరిగే నష్టం అనే ఒకే ఒక్క కొలత వల్ల వచ్చినవి. వాతావరణ మార్పు ఒక్కటే చూస్తే అవే సంచులకి 52, 149 సార్లు చాలు. పైగా ఆర్గానిక్ సంచి సైజు కొంచెం చిన్నదని ఒకటికి రెండు సంచులుగా లెక్కకట్టారు. కాలవలో, ఆవు కడుపులో చేరే ప్లాస్టిక్ సంచి నష్టం అసలు లెక్కలోనే లేదు. డెన్మార్క్‌లో అది పెద్ద సమస్య కాదు కనక వాళ్ళు వదిలేశారు. మనకి అది పెద్ద సమస్యే.

అందుకే ఎవరైనా ఒక అంకె చెబితే, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడిదాకా లెక్కించారు అని ముందు అడగాలి. నేను బట్ట చూసేటప్పుడు నాలుగు విషయాలు విడివిడిగా చూసుకుంటాను: ఏ పీచు, ఏ రంగు, ఎవరి చేతుల్లో తయారైంది, నా ఇంట్లో ఎన్ని ఉతుకులు నిలుస్తుంది. వీటిని కలిపేసి ఒక్క మార్కు చేస్తే ఏదో ఒకటి దాగిపోతుంది.

పీచు: పత్తి మంచిది, పాలిస్టర్ చెడ్డది అంటే సరిపోదు

పత్తి మీద మొదటి ఆరోపణ నీళ్ళు. ఒక టీషర్టుకి 2,700 లీటర్లు అనే మాట మీరూ వినే ఉంటారు. ఆ లెక్కలో చేను మీద పడిన వాన నీళ్ళు కూడా కలిసి ఉన్నాయి. దేశంలో పత్తి ఎక్కువగా పండించే రాష్ట్రాల్లో గుజరాత్, మహారాష్ట్రల తరవాత తెలంగాణే. ఆదిలాబాద్ నల్లరేగడిలో పత్తి చాలావరకు వానమీద ఆధారపడి పండేదే. చేను మీద కురిసిన వానతో పండిన పత్తినీ, ఎండిపోతున్న నదికి కాలవ తవ్వి పండించిన పత్తినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. మన పత్తికి నీళ్ళ కంటే పురుగుమందుల బాధ ఎక్కువ. 2002లో పురుగుని తట్టుకునే బీటీ విత్తనం వచ్చినప్పుడు మందుల ఖర్చు తగ్గుతుందన్నారు. కొన్నాళ్ళు తగ్గింది కూడా. తరవాత గులాబీ రంగు పురుగు ఆ విత్తనానికి అలవాటు పడిపోయి మళ్ళీ మందు డబ్బాలు భుజానికెక్కాయి.

ఆర్గానిక్ పత్తి ఈ ఒక్క సమస్యకి సూటి జవాబు. జనగామ జిల్లాలో ఏనెబావి అనే చిన్న ఊరు 2006లోనే రసాయనాలు పూర్తిగా మానేసిన ఊరిగా పేరు తెచ్చుకుంది. అక్కడ పత్తి కూడా వేస్తారు. కాబట్టి ఇది కాగితం మీద మాట కాదు, మన నేల మీద అయ్యే పనే. చిక్కు ఎక్కడంటే, చేను నుంచి షాపుకి వచ్చే దారి పొడుగు. జిన్నింగ్ మిల్లు, స్పిన్నింగ్ మిల్లు, నేత, అద్దకం, కుట్టు, ఇన్ని చేతులు మారేసరికి ఏ దూది ఏ చేనిదో చెప్పగలిగేది సర్టిఫికెట్ ఒక్కటే. ఆ సర్టిఫికెట్లే దొంగవైతే? 2020 అక్టోబర్‌లో అదే బయటపడింది. 'గాట్స్' అనే అంతర్జాతీయ ప్రమాణం నడిపే సంస్థ, మన దేశంలో 20,000 టన్నుల పత్తికి నకిలీ ఆర్గానిక్ సర్టిఫికెట్లు ఉన్నాయని ప్రకటించింది. వాటి మీది కోడ్ స్కాన్ చేస్తే ప్రభుత్వ వెబ్‌సైట్‌ను అచ్చుగుద్దినట్టున్న దొంగ సైట్ తెరుచుకునేలా చేశారట. నిజంగా మందు కొట్టకుండా పండించిన రైతు నోటి దగ్గర కూడు లాగేసిన మోసం అది. నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

అలాగని ఆర్గానిక్ మాటే నమ్మొద్దని అననుగానీ, చీటీ మీద 'ఆర్గానిక్' అని మాత్రమే ఉంటే నమ్మకండి. గాట్స్ లేబుల్ అయితే దాని మీద తనిఖీ చేసిన సంస్థ పేరు, లైసెన్స్ నంబర్ ఉండాలి. ఆ నంబర్ వాళ్ళ సైట్‌లో కొట్టి చూడొచ్చు. షాపులో నిలబడి ఫోన్‌లో చూడటానికి రెండు నిమిషాలు.

పాలిస్టర్ సంగతి. 2023లో ప్రపంచంలో తయారైన పీచులో 57% అదే. చవక, తొందరగా ఆరుతుంది, ముడతపడదు, తొందరగా చిరగదు. చిరగకపోవడం తక్కువ గుణం కాదు, పదేళ్ళు తొడిగే వానకోటుకి పాలిస్టర్ సరైనదే. కానీ మన ఎండల్లో అది ఒంటికి పట్టేసి ఊపిరాడనివ్వదు. చెమట వాసన పట్టేస్తుంది, ఉతికినా పూర్తిగా పోదు. అందుకే పాలిస్టర్ కుర్తా చిరగకముందే బీరువా అడుక్కి వెళ్ళిపోతుంది. ఇక ఉతికిన ప్రతిసారీ కంటికి కనపడని ప్లాస్టిక్ నూగు నీళ్ళలో కలుస్తుంది. సముద్రంలోకి మొదటే నూగుగా, రేణువులుగా చేరే ప్లాస్టిక్‌లో 35% సింథటిక్ బట్టలు ఉతకడం వల్లే అని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2017లో అంచనా వేసింది.

మరి రీసైకిల్డ్ పాలిస్టర్? కొత్త పెట్రోలు తవ్వడం కంటే మేలే. అయితే అది పాత బట్టల నుంచి వచ్చిందనుకుంటే పొరపాటు, దాదాపు అంతా ప్లాస్టిక్ సీసాల నుంచే వస్తుంది. సీసా మళ్ళీ సీసా కావచ్చు. చొక్కా అయ్యాక ఆ చక్రం అక్కడితో ఆగిపోతుంది. పాత బట్టని మళ్ళీ బట్ట చేయడం ప్రపంచం మొత్తం మీద ఒక్క శాతం కూడా లేదు. నూగు రాలడం మామూలు పాలిస్టర్‌లాగే. నా లెక్కలో ఇది పాలిస్టర్ తప్పని చోట వాడాల్సిన పాలిస్టర్, అంతే.

విస్కోస్‌ను మన షాపుల్లో 'రేయాన్' అంటారు, ఒక్కోసారి 'కాటన్ లాంటిదే' అనీ అంటారు. ఇది చెట్ల గుజ్జు నుంచి వస్తుంది కాబట్టి ప్లాస్టిక్ కాదు, మట్టిలో కలుస్తుంది. ములుగు జిల్లా కమలాపురంలో 2014లో మూతపడిన ఫ్యాక్టరీ తయారు చేసింది ఈ రేయాన్‌కి కావలసిన గుజ్జే. గుజ్జుని దారం చేయడానికి కార్బన్ డైసల్ఫైడ్ అనే రసాయనం వాడతారు. అది సరిగా పట్టుకోకుండా గాలికి వదిలితే కార్మికుల నరాలు దెబ్బతింటాయి. లయోసెల్ అనే రకం వేరు. అందులో వాడే ద్రావకాన్ని 99% పైగా తిరిగి పట్టుకుని మళ్ళీ వాడతారు. రెండూ చేతికి ఒకేలా జారుతూ తగులుతాయి, లేబుల్‌లోనే తేడా తెలుస్తుంది. పత్తి వద్దనుకుని మెత్తటి బట్ట కావాలనుకునేవాళ్ళు విస్కోస్ బదులు లయోసెల్ తీసుకోవచ్చు. ధర ఎక్కువే.

పట్టు గురించి పెద్దగా చెప్పను. రోజూ కట్టేది కాదు, మూడు తరాలు దాచుకునేది. పురుగుని ఉడకబెట్టడం మనసుకి కష్టమనిపిస్తే, హైదరాబాద్‌కి చెందిన కుసుమ రాజయ్య పురుగుని చంపకుండా దారం తీసే 'అహింసా పట్టు' తెచ్చారు. ఆ దారం కొంచెం గరుకుగా, మెరుపు తక్కువగా ఉంటుంది.

రంగు: ఎవరూ అడగని ప్రశ్న

షాపులో పీచు గురించి అడిగేవాళ్ళు పదిమందిలో ఇద్దరైనా ఉంటారు. రంగు గురించి అడిగేవాళ్ళు ఉండరు. నా దృష్టిలో నష్టమంతా ఎక్కువగా పోగుపడేది అక్కడే. తిరుప్పూరులో అద్దకం యూనిట్లు వదిలిన రంగునీళ్ళతో నొయ్యల్ నది పాడైపోయి, కింద పొలాల్లో ఉప్పు పేరుకుపోయి, చివరికి 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు వందల యూనిట్లను మూసేయమంది. ఆ తరవాత నీటిచుక్క బయటికి వదలకుండా శుద్ధి చేసి తిరిగి వాడే పద్ధతి అక్కడ గట్టిగా అమల్లోకి వచ్చింది. మన ఇళ్ళలో బనియన్లు చాలావరకు ఆ ఊరివే. ఆ పత్తి ఆర్గానిక్ అయినా కాకపోయినా, ఆ నదికి తేడా తెలియదు.

మరి సహజ రంగులు? మా పెద్దమ్మ వాళ్ళ ఊరికి పక్కనే పెడన. చిన్నప్పుడు సెలవుల్లో వెళ్తే కలంకారీ షెడ్లలోకి దూరేవాళ్ళం. తెల్లగుడ్డని కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఎండేస్తే లేత పసుపు తిరుగుతుంది. ఆ పాల నీచు, కరక్కాయ వగరు కలిసిన వాసన ఇప్పటికీ గుర్తుంది. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి తీసిన కషాయాన్ని టేకు అచ్చుకి అద్ది గుడ్డ మీద కొడితే, కరక్కాయ తగలగానే కళ్ళముందే నల్లబడుతుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్ళు అద్దుతారు. అప్పుడేమీ కనపడదు. కాలవలో పారే నీళ్ళలో ఉతికి, రాగి కాగులో మంజిష్ఠ వేరు వేసి ఉడకబెడితే పటిక పడ్డ చోటల్లా ఎరుపు పుట్టుకొస్తుంది.

ఇంత అందమైన పనిలోనూ లెక్క చూడాలి. సహజ రంగుకి కట్టెలు కావాలి, నీళ్ళు బాగా కావాలి. మంజిష్ఠ బదులు అలిజరిన్ అనే రసాయన రంగుపొడి వాడేవాళ్ళు చాలామంది. ఇక బజారులో 'కలంకారీ' పేరుతో అమ్మేదాంట్లో ఎక్కువ భాగం స్క్రీన్ ప్రింటే. రసాయన రంగు అయినా శుద్ధి ప్లాంటు ఉన్న యూనిట్‌లో వేసిందైతే, ఏ శుద్ధీ లేకుండా ఇంటి వెనక కాలవలోకి వదిలే 'నేచురల్' కంటే అదే నయం. కాబట్టి అడగాల్సింది "సహజమా, రసాయనమా" అని ఒక్కటే కాదు, "రంగునీళ్ళు ఎక్కడికి పోతాయి" అని కూడా. చేనేత సొసైటీల దగ్గర అడిగితే చాలాసార్లు సూటిగానే చెబుతారు. బ్రాండ్ షాపుల్లో చెప్పగలిగినవాళ్ళు నాకింకా దొరకలేదు.

ఇంట్లో చేయగల చిన్న పరీక్ష ఒకటి ఉంది. తెల్ల రుమాలు తడిపి బట్ట లోపలి మడత మీద పదిసార్లు గట్టిగా రుద్దండి. రుమాలుకి రంగు బాగా అంటిందంటే సగం రంగు మీ బకెట్లోకి వచ్చేస్తుంది, బట్ట నాలుగు నెలల్లో వెలిసిపోతుంది. అసలైన కలంకారీ మొదటి ఉతుకులో కొంచెం పసుపు వదలడం మామూలే, దానికి భయపడక్కర్లేదు.

మగ్గమా, పవర్‌లూమా?

గుంత మగ్గానికి కరెంటు అక్కర్లేదు, ఆ ఒక్క మాటతో చేనేతకి పర్యావరణ మార్కులు పడిపోతాయి. కానీ మగ్గం మీది నూలు ఎక్కడిది? ఎక్కువగా స్పిన్నింగ్ మిల్లులదే. మిల్లులు దేశంలో అమ్మే నూలులో కనీసం 30% చిలపలుగా, అంటే మగ్గానికి పనికొచ్చే కట్టలుగా ఇవ్వాలనే నిబంధన ఉన్నది నేతగాళ్ళకి ఆ నూలు అందడానికే. అంటే చేనేత అన్నంత మాత్రాన ఆర్గానిక్ కాదు, సహజ రంగూ కాదు. చేత్తో వడికి చేత్తో నేసినదే ఖద్దరు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, సన్నటి నూలు వడుకుతారు. పీచు నుంచి బట్ట దాకా కరెంటు దాదాపుగా తగలని గుడ్డ అంటే అదే. మధ్యస్థంగా 'మల్ఖా' ఉంది. దూదిని బేళ్ళుగా అదిమి దూరం పంపకుండా, పత్తి పండే చోటికి దగ్గరలోనే చిన్న యంత్రాల మీద వడికి, మగ్గాల మీద నేయించే ప్రయత్నం. గుడ్డ మెత్తగా, గాలి ఆడేలా ఉంటుంది.

చేనేతని ఎంచుకోవడానికి నాకు కరెంటు కంటే పెద్ద కారణం మనుషులు. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షల మంది ఈ పని మీద ఆధారపడ్డారు, అందులో 70 శాతానికి పైగా ఆడవాళ్ళు. మూడింట రెండొంతుల కుటుంబాల నెల ఆదాయం 5 వేల లోపే. ఇలాంటి పనిని 'సస్టైనబుల్' అని మెచ్చుకుని వదిలేస్తే ఎలా? నేసేవాళ్ళ పిల్లలు ఆ పనిలోకి రానప్పుడు అది నిలిచే పని ఎలా అవుతుంది? పోచంపల్లి చీరకి దారం ఆసు పోయాలంటే, అంటే మేకుల చుట్టూ తిప్పి అమర్చాలంటే, చెయ్యి ఒక్కో చీరకి వేల సార్లు ముందుకీ వెనక్కీ ఆడించాలి. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ యంత్రానికి కరెంటు కావాలి. అయినా నా లెక్కలో అది చేనేతని ఇంకొన్నాళ్ళు బతికించిన యంత్రం.

పవర్‌లూమ్‌ని శత్రువుగా చూడటం కూడా నాకు నచ్చదు. సిరిసిల్లలో నేసేవాళ్ళూ నేతన్నలే. 2017 నుంచి కొన్నేళ్ళు బతుకమ్మ చీరల ఆర్డర్లే అక్కడ చాలా ఇళ్ళలో పొయ్యి వెలిగించాయి. తప్పు ఎక్కడంటే పవర్‌లూమ్ గుడ్డని చేనేత పేరుతో, చేనేత ధరకి అమ్మడంలో. గుర్తుపట్టడానికి అంచు చూడండి. మగ్గం మీద గుడ్డ వెడల్పు ముడుచుకోకుండా సూదులున్న బద్ద పెడతారు, ఆ సన్నటి చిల్లులు రెండు అంచుల పొడుగునా కనపడతాయి. దారానికి ముందే రంగులద్ది నేసే ఇక్కత్ అయితే తిరగేసి చూడండి. ముందూ వెనకా రంగు ఒకేలా ఉండాలి, డిజైన్ అంచులు కొంచెం చెదిరినట్టు ఉండాలి. గీత గీసినట్టు నిక్కచ్చిగా ఉండి, వెనక వెలవెలబోతే అది ప్రింటు.

రెడీమేడ్ విషయంలో 'ఎవరి చేతులు' అనే ప్రశ్న ఇంకా బరువైనది. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలి 1,134 మంది పోయారు. అంత దూరం ఎందుకు, 2022లో అచ్యుతాపురం సెజ్‌లో ఒక బట్టల ఫ్యాక్టరీలో రెండుసార్లు విషవాయువు పీల్చి వందల మంది ఆడపిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. అక్కడ కుట్టిన బట్ట మీద పీచు శాతం ఉంటుంది, ఆ పిల్లల సంగతి ఏ చీటీ మీదా ఉండదు.

లేబుల్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

నాకు అన్నిటికంటే ఎక్కువ నమ్మకం గాట్స్ మీద, ఆ మోసాన్ని వాళ్ళే బయటపెట్టారు కాబట్టి కూడా. కనీసం 70% ఆర్గానిక్ పీచు ఉండాలి, 95% దాటితేనే పూర్తి 'ఆర్గానిక్' మాట వాడనిస్తారు. రంగులు, మురుగునీటి శుద్ధి, కార్మికుల పరిస్థితులు కూడా తనిఖీలో ఉంటాయి. నేను చెప్పిన నాలుగింట్లో మూడింటిని చూసేది ఇదే.

ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 చూసి చాలామంది ఆర్గానిక్ అనుకుంటారు. కాదు. అది తయారైన బట్టలో ఒంటికి హాని చేసే రసాయనాలు మిగిలాయా అని మాత్రమే చూస్తుంది. పాలిస్టర్‌కీ వస్తుంది. చంటిపిల్లల బట్టలకి మాత్రం చాలా పనికొస్తుంది, మూడేళ్ళ లోపు పిల్లలకి అందులో అన్నిటికంటే కఠినమైన తరగతి ఉంది.

బెటర్ కాటన్ అంటే ఆర్గానిక్ కాదు, మందులూ నీళ్ళూ తగ్గించి పండించడం. చాలాకాలం ఇది 'మాస్ బ్యాలెన్స్' పద్ధతిలోనే నడిచింది. అంటే కంపెనీ కొన్నంత పత్తికి రైతుల దగ్గర లెక్క సరిపోతుంది గానీ, మీ చేతిలో ఉన్న చొక్కాలో ఆ పత్తే ఉందని కాదు. జాడ పట్టే పత్తి 2023 చివర్లోనే మొదలైంది. జీఆర్‌ఎస్ (గ్లోబల్ రీసైకిల్డ్ స్టాండర్డ్) గుర్తు రీసైకిల్డ్ పీచుకి, వస్తువు మీద లోగో వేయాలంటే కనీసం సగం రీసైకిల్డ్ ఉండాలి.

మన గుర్తుల విషయానికొస్తే, 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ చేత్తో నేసిందని చెబుతుంది, నూలు గురించీ రంగు గురించీ చెప్పదు. సిల్క్ మార్క్ అసలు పట్టని చెబుతుంది, అంతే. జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, ఊరికీ పద్ధతికీ ఇచ్చేది. ఇవేవీ పర్యావరణ సర్టిఫికెట్లు కావు, అలా అమ్మితే నమ్మకండి. ఇక 'ఎకో', 'గ్రీన్', 'కాన్షియస్' లాంటి మాటలకి ఆధారం చూపించాలని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2024 అక్టోబర్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆకు బొమ్మ చూపించినవాళ్ళని ఆధారం అడిగే హక్కు మనకుంది.

ఎన్ని ఉతుకులు

ఎంత లెక్క వేసినా చివరికి ఇక్కడికే వస్తాను. ఒక జీన్స్ ప్యాంటు పుట్టినప్పటి నుంచి పారేసేదాకా 3,781 లీటర్ల నీళ్ళు తీసుకుంటుందని లెవీస్ కంపెనీ 2015లో లెక్క చెప్పింది. అందులో 68% పత్తి పంటకి, 23% మన ఇంట్లో ఉతకడానికి. బట్టని ఇంకో తొమ్మిది నెలలు ఎక్కువ వాడితే దాని భారం 20 నుంచి 30% తగ్గుతుందని బ్రిటన్‌లో వృథా తగ్గించడం మీద పనిచేసే ర్యాప్ సంస్థ చెప్పింది. ఏ లేబుల్ కొన్నా ఇంత లాభం అంత సులువుగా రాదు.

డబ్బు లెక్క కూడా అటే మొగ్గుతుంది. 799 రూపాయల కుర్తా పాతిక సార్లు తొడిగి పక్కన పడేస్తే ఒక్కోసారికి 32 రూపాయలు. 1,450ది వందసార్లు తొడిగితే 14 రూపాయల 50 పైసలు. ముందు ఎక్కువ పెట్టగలిగే స్తోమత అందరికీ ఉండదని నాకు తెలుసు. అలాంటప్పుడు రెండు చవక కుర్తాల బదులు ఒక మంచిది అనే లెక్క వేసుకోవచ్చు. ఎండలో ఆరేసుకోవడం మనకున్న వరం. అమెరికాలో ఉన్న మావాళ్ళు డ్రయ్యర్‌లో వేసి చేనేత కుర్తాని రెండు నెలల్లో పొట్టి చేసుకున్నారు. నీడన తీగ మీద ఆరేస్తే ఐదేళ్ళు వచ్చేది.

ఇక ఎవరైనా నన్ను సూటిగా అడిగితే ఇలా చెబుతాను. చంటిపిల్లలకి వీలైతే గాట్స్, లేకపోతే ఓకో-టెక్స్ ఉన్న పత్తి. అంతకంటే మంచిది, నాలుగిళ్ళు తిరిగి మెత్తబడిన పాత చొక్కాలు. అందులో రసాయనాలు చాలావరకు ఎప్పుడో ఉతుకుల్లో పోయుంటాయి. ఆఫీసుకి, కాలేజీకి చేనేత పత్తి, అది దొరక్కపోతే మిల్లు పత్తి. స్కూల్ యూనిఫామ్ పాలిస్టర్ కలిసిందే ఇస్తారు, మన చేతిలో లేదు. పెద్దపిల్లది చిన్నపిల్లకి వచ్చేలా పొడవు వదిలి కుట్టించడం మన చేతిలో ఉంది. జిమ్‌కి, వానకి రీసైకిల్డ్ పాలిస్టర్, తక్కువ జతలు, తక్కువ ఉతుకులు. పెళ్ళికి ఒక్క చీర అయినా నేసిన ఊరి పేరు తెలిసినది, సొసైటీలోనో నేతగాళ్ళ దగ్గరో కొన్నది. పదిమందికి పెట్టుబడి బట్టలు పెట్టాల్సి వచ్చినప్పుడు చవక పాలిస్టర్ చీరలు మాత్రం కొనకండి. అవి కట్టుకోవడానికి కాదు, ఇంకొకళ్ళకి పెట్టడానికే చేతులు మారుతుంటాయి. అదే డబ్బుకి మంచి చేనేత తువ్వాళ్ళు పెడితే రోజూ వాడతారు.

ఆ రోజు షాపులో ఆర్గానిక్ కుర్తా చీటీ మీద లైసెన్స్ నంబర్ వెతికాను, లేదు. మంగళగిరిదాని అంచున చిల్లులు కనపడ్డాయి. రుమాలు తడిపి మడత మీద రుద్దితే కొద్దిగా ఆకుపచ్చ అంటింది. రంగు ఎక్కడ వేశారని అడిగితే షాపాయనకి తెలియదు, నేయించింది మాత్రం ఎవరో ఫోన్ చేసి కనుక్కుని చెప్పారు. అదే తీసుకున్నాను. మా అమ్మాయి ఈ ఏడాదిలో దాన్ని ఎన్నిసార్లు తొడిగిందో లెక్కపెట్టలేదు గానీ, మోచేతి దగ్గర రంగు కాస్త వెలిసింది, మెడ దగ్గర మొన్ననే ఒక కుట్టు వేశాను.